రెండో సూది ఏ ఊరి లెక్క?

నేను ఉద్యోగ జీవితమంతా కంప్యూటర్‌గా పనిచేశాను. కంప్యూటర్ మీద కాదు, కంప్యూటర్‌గా. ఆ రోజుల్లో ఆరోగ్య శాఖలో ఆ పేరుతో ఒక చిన్న ఉద్యోగం ఉండేది. ఊళ్ళలో పనిచేసే నర్సమ్మలు నెలనెలా పంపే లెక్కలను కూడి, సరిచూసి, పై ఆఫీసుకు పంపడం ఆ మనిషి పని. మీకు నవ్వు రావచ్చు. నా పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా చాలాసేపు ఆలోచనలో పడ్డారు.

"కంప్యూటర్ అంటే ఏం జేస్తవు బాబూ?"

"కూడుతానండి."

"ఏం కూడుతవు?"

"పుట్టినవాళ్ళను, పోయినవాళ్ళను."

ఆయన పక్కనున్న పాస్టరుగారి చెవిలో, "గవర్నమెంటు పనే గదా?" అని అడిగి, అవునని తేలాకే పిల్లనిచ్చారు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని యువకులు కొందరు చుట్టూ చేరారు. ఇద్దరు ముగ్గురు ఆరోగ్య శాఖలోనే చేరారట. ఒక అమ్మాయి తన చేతిలోని తెర మీద ఒక తల్లి వివరాలు తెచ్చి చూపించింది. ఆమె ఏ ఊర్లో ఏ సూది వేయించుకున్నదీ, ఏ దవాఖానలో కన్నదీ, బిడ్డ బరువెంతో, అన్నీ ఒక్కచోటే. నేను కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాను.

"అంకుల్, మీ కాలంల ఇదంత ఎట్ల కలిపేటోళ్ళు?" అని అడిగింది.

"అరిచి కలిపేవాళ్ళం" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నిజమే చెప్పాను. ఆ అరుపుల సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ఎనభైల మొదటి రోజులు. అప్పటికింకా మండలాలు రాలేదు, సమితులే ఉండేవి. వరంగల్‌లో మా జిల్లా ఆరోగ్య ఆఫీసు ఒక పాత బంగళాలో నడిచేది. నా బల్లకు ఎదురుగా హెడ్ క్లర్కు సాబ్ బల్ల. ఆయన ఉర్దూలో చదువుకున్న మనిషి. తెలుగు రాస్తే అచ్చు గుద్దినట్టు ఉండేది. ప్రభుత్వ ఉత్తర్వు అంటే ఆయనకు ప్రాణం. తేదీ, నంబరుతో సహా నోటికి చెప్పేవారు. నేను సంఘ కాపరి కొడుకును కాబట్టి నన్ను "పాస్టర్ సాబ్" అని ఏడిపించేవారు. నేను ఆయనను "భాయ్ సాబ్" అనేవాణ్ణి. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్తే ఆయన పని నేను చూసేవాణ్ణి. క్రిస్మస్ రోజుల్లో నా పని ఆయన చూసేవారు. మేమిద్దరం కొట్లాడుకున్నది ఎప్పుడైనా లెక్కల మీదే, దేవుడి మీద ఎప్పుడూ కాదు.

ఆ ఏడాది మా ఆఫీసును పట్టి పీడించినది పసికందుల ధనుర్వాతం. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు, దేవునికి స్తోత్రం. బొడ్డు కోసిన దగ్గర మురికి చేరి వచ్చే జబ్బు అది. పుట్టినప్పుడు చక్కగా పాలు తాగిన బిడ్డ, వారం తిరగకముందే ఉన్నట్టుండి నోరు తెరవదు. దవడలు బిగుసుకుపోతాయి. తల్లి రొమ్ము నోటికి అందించినా పట్టుకోలేదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టేవారు. దాన్ని ఆపే దారి మాత్రం చాలా తేలిక. తల్లి కడుపుతో ఉండగానే నెల ఎడంతో రెండు సూదులు వేయాలి. ఒక్కటి వేస్తే చాలదు, రెండూ పడాలి, రెండోది కాన్పుకు కొన్ని వారాల ముందే పడాలి.

ములుగు అవతల అడవి దగ్గరి ఊళ్ళను చూసే ఒక నర్సమ్మ ఉండేది. నడివయసు మనిషి, గట్టి గొంతు, బస్సు దొరకకపోతే ఎడ్లబండి ఎక్కి, అదీ దొరకకపోతే నడిచి తిరిగే మనిషి. ఆమె పంపే లెక్కల్లో ధనుర్వాతంతో పోయిన పసివాళ్ళు ఎక్కువగా కనిపించారు. ఆ పిల్లల తల్లులేమో ఆమె గర్భిణుల లెక్కలో లేనే లేరు. మా జిల్లా వైద్యాధికారి మంచి డాక్టరు, మాట కటువు. ఆయనకు అర్థమైనది ఒక్కటే. ఈమె ఇల్లిల్లూ తిరగడం లేదు, కడుపుతో ఉన్నవాళ్ళను రాసుకోవడం లేదు, సూదులు వేయడం లేదు, అందుకే పిల్లలు పోతున్నారు. ఆమెను అక్కడి నుంచి తీసేసి, ఆమె పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రాన్ని మరిపెడ వైపు మార్చాలని ఉత్తర్వు తయారు చేయించారు. నర్సమ్మల వచ్చే సమావేశం రోజున సంతకం. అది జరిగితే ఆమె ఒక్కతే కాదు, ఆ అడవి ఊళ్ళన్నీ నర్సు లేకుండా మిగులుతాయి.

సంజాయిషీ కాగితం పట్టుకుని ఆమె ఒకరోజు ఆఫీసుకు వచ్చింది. చీర కుచ్చిళ్ళకు ఎర్రమట్టి.

"సార్, నేను తిరుగుతలేనా? నా చెప్పులు సూడుండ్రి" అని ఒక కాలు ముందుకు పెట్టి చూపించింది. "పోయిన పిల్లలంత తల్లిగారింటికి కాన్పుకచ్చిన ఆడిపిల్లల పిల్లలు. ఆళ్ళు మా ఊరోళ్ళు కాదాయె. నేనెట్ల రాసుకోవాలె?"

హెడ్ క్లర్కు సాబ్ తల ఊపారు. "రాసుకోవద్దు. ఉత్తర్వున్నది. ఏ ఊర్ల నివాసముంటరో ఆ ఊర్లనే రాయాలె. రెండు దిక్కుల రాస్తే దొంగ లెక్కైతది."

"గందుకే గద సాబ్ నేను రాయలే!"

"మంచిగ చేసినవ్."

"మంచిగ చేస్తే నన్నెందుకు తీసేస్తాన్రు మరి?"

సాబ్ చాయ్ తెమ్మని ప్యూనును కేకేశారు. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని, మేము తెప్పించిన చాయ్ తాగి, మమ్మల్నిద్దరినీ కలిపి ఒకసారి తిట్టి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నేను లెక్కల కట్టలు ముందేసుకుని కూర్చున్నాను. వర్ధన్నపేట వైపు కట్టలో కడుపుతో ఉన్నవాళ్ళు బోలెడు మంది, చాలామందికి ఒకటే సూది, ఎదురుగా "ఊరెళ్ళింది" అని ఒక ముక్క. ములుగు వైపు కట్టలో కాన్పులు, చావులు. రెండు కట్టల్లోని తల్లులూ ఒకే మనుషులని నాకు అనుమానం కలిగింది. కానీ కలిపి చూపడం ఎట్లా? ఒక కట్టలో ఆమె "ఫలానా వారి కోడలు". ఇంకో కట్టలో "ఫలానా వారి బిడ్డ". మొగుడి పేరు చెప్పడానికి మన ఆడవాళ్ళు ఇష్టపడరు. తండ్రి పేరును అత్తగారి ఊర్లో ఎవరూ అడగరు. కాగితం మీద ఆ ఇద్దరినీ ఒకే మనిషిగా చేయడం నా వల్ల కాలేదు. అయినా అది నా అనుమానమే కావచ్చు కదా అనుకుని కట్టలు కట్టేశాను.

క్రిస్మస్ నెల అది. ఆదివారం సాయంత్రం హనుమకొండలోని మా మందిరంలో నాటిక అభ్యాసం జరుగుతోంది. నేను వాక్యం చదివేవాణ్ణి. చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది, అందరూ తమ తమ స్వంత ఊళ్ళకు వెళ్ళి పేర్లు రాయించుకోవాలి, నిండు చూలాలు అంత దూరం ప్రయాణమై వెళ్ళింది అనే భాగం. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో. నా భార్య ఓ పక్కన కూర్చుని దేవదూత రెక్కలకు జిలుగు కాగితం అంటిస్తోంది.

"నెలలు నిండిన మనిషిని లెక్కల కోసం తోల్కపోయిన్రంటే, ఆళ్ళు మీ ఆఫీసోళ్ళే అయ్యుంటరు" అన్నది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మనోడు పుట్టినప్పుడు నువ్వు మరిపెడల మీ తల్లిగారింట్లనే గదా ఉన్నది?" అని అడిగాను.

"మరి ఇంకెక్కడుంట?"

"రెండో సూది వేసిన్రా నీకు?"

ఆమె జిగురు చేతులు తుడుచుకుంది. "ఎవరేస్తరు? ఆ ఊరి నర్సమ్మను అడిగితే, 'నువ్వు మా లెక్కల లేవు బిడ్డా, మీ ఆయన ఊర్ల ఏపిచ్చుకో' అన్నది. నీకు చెప్పిన గదా. నువ్వప్పుడు ఏదో కూడుకుంట, ఊఁ అన్నవ్."

మా పిల్లవాడు ప్రభువు దయ వల్ల బతికి, ఆ సమయానికి గొర్రెల కాపరి వేషంలో గొంగడి కప్పుకుని గొర్రెను తంతున్నాడు. వాణ్ణి చూస్తూ నేను పుస్తకం మూసేశాను. లోకాన్ని రక్షించడానికి వచ్చిన బిడ్డ కూడా తల్లి ఇల్లు వదిలిన వేళ, పేర్లు రాయించుకునే గందరగోళంలో, పరాయి చోట పుట్టాడు. ఆ తల్లి మా జిల్లా మనిషై ఉంటే ఏ ఊరి లెక్కలోనూ ఉండేది కాదు. ఆ రాత్రి నా ప్రార్థనలో ఆ మాటే చెప్పుకున్నాను, వేరే ఏమీ అడగలేదు.

సమావేశానికి ముందు వైద్యాధికారి గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, సంతకానికి ముందు నాకు కొంచెం టైమివ్వాలి. నర్సమ్మలతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావు? ప్రసంగమా?"

"కాదు సార్. మా సంఘంలో చేసినట్టు హాజరు పిలుస్తాను."

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశారు. "సరే. కానీ పాట మాత్రం పాడొద్దు."

ఆ రోజు ఆఫీసు వెనక హాలు నిండింది. ములుగు, వర్ధన్నపేట, మరిపెడ వైపుల నుంచి నర్సమ్మలంతా వచ్చారు. చాప మీద కూర్చున్నవాళ్ళు, గోడకు ఆనుకున్నవాళ్ళు, టిఫిన్ డబ్బాల వాసన. ములుగు నర్సమ్మ చివర్లో కూర్చుంది. అందరికీ సంగతి తెలుసు. ఎవరూ ఆమె మొహం వైపు చూడటం లేదు.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మలారా, ఒక్కటే అడుగుతాను. మీ ఊళ్ళ నుంచి తొలిచూలు కాన్పుకు తల్లిగారింటికి వెళ్ళిన కోడళ్ళెవరు? ఎవరి ఇంటి కోడలు, ఏ ఊరి పిల్ల? గట్టిగా చెప్పండి. ఆ ఊరి నర్సమ్మ ఇక్కడుంటే 'ఉన్నది' అనండి."

ముందు వరసలో ఒకామె చేయి ఎత్తింది.

"రాయనోళ్ళ సంగతి చెప్తే మెమో ఇస్తరా సార్?"

"ఇవ్వరు."

"నువ్వంటే ఏమైతది? పెద్దసారు అనాలె."

వైద్యాధికారి గారు గొంతు సవరించుకున్నారు. "ఇవ్వను."

"రాసియ్యుండ్రి సార్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుతో తలుపు తెరుచుకున్నట్టయింది.

"మా ఊరి కుమ్మరోళ్ళ కోడలు. మరిపెడ పిల్ల."

"ఉన్నది! పోయిన నెలలనే కన్నది. మొగపిల్లగాడు."

"అయ్యో తల్లీ, కన్నదా? నా దగ్గర ఆమెకింక పదకొండో నెల నడుస్తాంది!"

ఇంకొకామె లేచింది. "మా పటేలింటి చిన్నకోడలు. ఎర్రగ, బక్కగ ఉంటది. ములుగు దిక్కే."

"ఎర్రగ బక్కగనా? మా దగ్గరికచ్చినంక లావైంది. ఉన్నది!"

"తల్లిగారింట్ల తిండి గదనే, లావుగాకేమైతది?"

అంతే, ఇక నేను పిలవాల్సిన పని లేకపోయింది. ఒకరినొకరు దాటి అరుచుకుంటున్నారు. హాలు అంగడిలాగా ఉంది. ఊళ్ళు ఇచ్చిపుచ్చుకున్న పిల్లలను నర్సమ్మలు వెతికి పట్టుకుంటున్నారు. కాగితం మీద నేను కలపలేని ఇద్దరు మనుషులు, వాళ్ళ నోళ్ళలో ఒక్క మనిషిగా కలిసిపోతున్నారు. కోడలు ఒక మూల నుంచి, బిడ్డ ఇంకో మూల నుంచి. నేను మూలకు జరిగి రాసుకోవడం మొదలుపెట్టాను. నా వేళ్ళు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి.

హెడ్ క్లర్కు సాబ్ లేచారు. "సార్, ఉత్తర్వు ప్రకారం నివాసం లేనోళ్ళను..."

"ఆ ఉత్తర్వును కాసేపు కూర్చోమనండి సాబ్" అన్నారు వైద్యాధికారి గారు. ఆయన కుర్చీ అంచుకు వచ్చి వింటున్నారు.

అప్పుడు ములుగు నర్సమ్మ లేచింది.

"నా ఊళ్ళల్ల పిల్లలు పోయిన తల్లులను సుత పిలువనా సార్?"

హాలు సద్దుమణిగింది. ఆయన తల ఊపారు. ఆమె ఒక తల్లి పుట్టింటి గుర్తు చెప్పింది, అత్తగారి ఊరు చెప్పింది. కాసేపటికి ఒక వైపు నుంచి మెల్లగా జవాబొచ్చింది. "మా ఊరి కోడలే. ఒక్క సూది ఏసిన. రెండోది ఏసేలోపే తోల్కపోయిన్రు." ఆమె ఇంకొక తల్లి గుర్తు చెప్పింది. ఇంకో వైపు నుంచి అదే జవాబు. మరో తల్లి. మళ్ళీ అదే. జవాబు చెప్పినవాళ్ళలో ఒకామె కొంగుతో మొహం కప్పుకుంది. ఆ బిడ్డ పోయిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

వైద్యాధికారి గారు కళ్ళద్దాలు తీశారు. "అయితే ఈ రెండో సూది ఎక్కడ పోతున్నది?"

"బస్సుల పోతాంది సార్" అన్నది ములుగు నర్సమ్మ. "ఆడ ఎక్కినంక ఆళ్ళ లెక్కల ఉండది. ఈడ దిగినంక మా లెక్కల ఉండది."

అప్పుడు వర్ధన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు నర్సమ్మ తడుముకుంటూ లేచింది.

"సార్, మా ఊర్ల దర్జీ సాబ్ కోడలు సుత ఉన్నది. ఏడో నెలల సీమంతం చేసి తోల్కపోయిన్రు. ఒక్క సూదే ఏసిన. తండ్రి చింతపండు, ఇప్పపువ్వు కొనే సాబ్ అని చెప్పిన్రు."

ములుగు నర్సమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "ఆ పిల్లనా! మొన్ననే ఆళ్ళింట్ల చాయ్ తాగిన గదనే. నన్ను సూసి నవ్వింది. సుట్టపు పిల్లని నేను అడగనే లే."

"ఎన్నో నెల?" అన్నారు వైద్యాధికారి గారు.

"ఎనిమిదోది నడుస్తాంటది."

"నీ దగ్గర మందుందా?"

"యాడిది సార్? నా లెక్కలున్నోళ్ళకు సరిపోను పంపుతరు. అయిపోయింది."

ఆయన లేచి నిలబడ్డారు. "జీపు తీయమనండి. ఫ్లాస్కులో ఐసు, మందు పెట్టండి. కంప్యూటర్, నువ్వూ వెళ్ళు. సాబ్, మీరు కూడా. ఆ ఉత్తర్వు ఎక్కడ తెగిపోయిందో చూసి రండి."

ములుగు దారి పొడుగునా హెడ్ క్లర్కు సాబ్ ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నారు. నర్సమ్మ వెనక సీట్లో కూర్చుని ఆయన్ను వదల్లేదు.

"సాబ్, గా ఫ్లాస్కు ఏ ఊరి నివాసమో రాసుకున్నరా?"

"చుప్ బైఠో అమ్మా, చుప్ బైఠో."

చింతపండు సాబ్ ఇంటి ముందు జీపు ఆగగానే వాకిలి నిండా జనం చేరారు. పిల్ల తల్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అక్కడ ఒక సూది ఏసిన్రు గదా. చెయ్యి వాచి మూడు దినాలు మూలిగిందట నా బిడ్డ. మల్లెందుకు? జీపేసుకుని గింతమంది ఎందుకచ్చిన్రు? ఏదో రోగముందని ఊరంత అనుకోరా?"

నేను ధనుర్వాతం సంగతి మొదలుపెట్టాను. ఆమె వినలేదు. నర్సమ్మ చెప్పబోయింది. "నిన్ను మొన్న కూసోబెట్టి చాయ్ పోసిన, అప్పుడు మాట్లాడలే" అని ఆమె మీద విరుచుకుపడింది. అప్పుడు హెడ్ క్లర్కు సాబ్ ఫ్లాస్కు నా చేతికిచ్చి ముందుకు నడిచారు.

"సలాం బెహన్. మీ వియ్యపోళ్ళు దర్జీలట గదా?"

"ఔ. ఏమైంది?"

"అంగీకి ఒక్క వరస కుట్టేసి చాలు అంటరా ఆళ్ళు? జర జోరుగ చెయ్యి లేపితే చంకల చిరుగుతది గదా. మీ బిడ్డకు ఇప్పుడు ఒక వరసనే పడ్డది. ఇంకొక వరస ఏద్దామని వచ్చినం. గంతే."

ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే లోపలి నుంచి పిల్ల నవ్వు వినిపించింది. దుపట్టా సరిచేసుకుంటూ బయటికి వచ్చింది. పద్దెనిమిది పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

"అమ్మీ, ఒంటి కుట్టు నిలువదని నాకు ఎరుకే. మా మామ రోజు నా మీద గదే మొత్తుకుంటడు. ఏయిండ్రి అక్కా" అని చేయి చాపింది. "కాని మెల్లగ."

సూది పడింది. తల్లి మాకందరికీ చాయ్ పోసింది. సాబ్ రెండు కప్పులు తాగారు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ ఫ్లాస్కు ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది. పస్రా ఊరు దాటామో లేదో గుర్తు లేదు, హఠాత్తుగా నా వైపు తిరిగి, "పాస్టర్ సాబ్, ఉత్తర్వు తప్పు కాదు. కాని అది బస్సు ఎక్కదు" అన్నారు.

మర్నాడు మళ్ళీ బల్లల దగ్గర కూర్చున్నాం. మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఒక పిల్ల పెళ్ళై వేరే ఊరికి వెళ్తే, ఇక్కడి కాపరి అక్కడి కాపరికి ఒక బదిలీ ఉత్తరం పంపుతాడు. ఈ బిడ్డ మా దగ్గర బాప్తిస్మం పొందింది, ఇక మీది, చూసుకోండి అని. మా నాన్న ఆ ఉత్తరాన్ని పిల్ల చేతికే ఇచ్చి, తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి పంపేవారు. ఆ మాట చెప్పి, కాన్పుకు వెళ్ళే ప్రతి కోడలి చేతికీ అలాంటి చీటీ ఒకటి ఇద్దాం అన్నాను.

"చర్చి కాగితాలు సర్కారు ఆఫీసుల నడుస్తయా?" అని సాబ్ మొహం చిట్లించారు. మధ్యాహ్నానికి చీటీ నమూనా ఆయనే రాశారు. ఆ చేతిరాతను చూస్తే పెళ్ళి శుభలేఖ అనుకుంటారు. అత్తగారి ఇంటి గుర్తు, తల్లిగారి ఇంటి గుర్తు, పడిన సూది, పడాల్సిన సూది, అంతే. వైద్యాధికారి గారు దానికింద రెండు మాటలు చేర్చారు. మనిషి ఎక్కడ ఉంటే అక్కడే సూది వేయాలి. కాన్పు అయ్యాక ఆ కబురు రెండు ఊళ్ళకూ చేరాలి. మందు పంపే లెక్క కూడా మారింది. ఆ ఊర్లో ఉన్నవాళ్ళకే కాక, ఆ ఊరికి వచ్చేవాళ్ళకు కూడా సరిపడా పంపమన్నారు. జిల్లా మొత్తానికీ అదే నియమమైంది. నర్సమ్మలు అప్పటి నుంచి సమావేశాల్లో ఊరి పేర్లతో కాక, "వియ్యపురాలా" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. పిల్లనిచ్చిన ఊరి నర్సమ్మ, పిల్లను తెచ్చుకున్న ఊరి నర్సమ్మను ఎగతాళి చేసేది, "మా పిల్లను సరిగ సూసుకుంటలేరు" అని.

అయితే, ములుగు నర్సమ్మ బదిలీ ఉత్తర్వును వైద్యాధికారి గారు చింపలేదు. సొరుగులో పెట్టారు. "దర్జీ కోడలు కననీ. వారం దాటనీ. అప్పుడు చూద్దాం" అన్నారు. ఆయన డాక్టరు. కారణం తెలిసినంత మాత్రాన జబ్బు పోదని ఆయనకు తెలుసు. ఒక్క బిడ్డతో లెక్క రుజువు కాదని నాకూ తెలుసు. ఆ తర్వాతి ఏడాది అదే నర్సమ్మ పంపిన ములుగు కట్టలో ధనుర్వాతం గడి నెలల తరబడి ఖాళీగా వచ్చినప్పుడే నా గుండె కుదుటపడింది. కానీ ఆ జనవరిలో మా ముందున్నది లెక్క కాదు, ఒక్క బిడ్డ.

క్రిస్మస్ వెళ్ళింది. కొత్త సంవత్సరం వచ్చింది. రోజూ ఆఫీసుకు రాగానే హెడ్ క్లర్కు సాబ్ టోపీ తీసి మేకుకు తగిలిస్తూ, "ఖబర్ ఏమన్న వచ్చిందా?" అని అడిగేవారు. రాలేదనేవాణ్ణి. కాన్పైందని మాత్రం ఒక బస్సు డ్రైవర్ ద్వారా తెలిసింది. ఆడపిల్ల. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. నేను పొద్దునా సాయంత్రమూ ఆ బిడ్డ నోటి కోసం ప్రార్థన చేశాను. నా జీవితంలో అంత చిన్న దాని కోసం అంత పెద్ద ప్రార్థన ఎప్పుడూ చేయలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, సాబ్ నమాజు నుంచి వచ్చి అప్పుడే కూర్చున్నారు. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. ములుగు నర్సమ్మ. సమావేశం లేదు, పిలుపు లేదు. బస్సెక్కి వచ్చేసింది. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది. మేమిద్దరం లేచి నిలబడ్డాం.

"ఏమైందమ్మా?" అన్నారు సాబ్.

"వారం దాటి ఇన్ని దినాలాయె. పొద్దుగాల పోయి సూసొచ్చిన" అన్నది. మొహమంతా నవ్వే. "తాగుతాంది సార్. నోరంత తెరిచి తాగుతాంది. జర ఇడిపిస్తే ఊరంత ఇనేటట్టు ఏడుస్తాంది. ఆళ్ళ నానమ్మ వర్ధన్నపేట నుంచి వచ్చి, గీ గొంతు మా ఇంట్లది కాదు అంటాంది."

నేను నిలబడిన చోటే చేతులెత్తి, మందిరంలో అన్నంత గట్టిగా, "దేవునికి స్తోత్రం!" అన్నాను. పక్క గదిలో టైపు మిషన్ ఆగిపోయింది. వైద్యాధికారి గారి గది తలుపు తెరుచుకుంది.

హెడ్ క్లర్కు సాబ్ రెండు అరచేతులూ పైకి తెరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆమీన్" అన్నారు.